కుట్టు మానేదాకా పథ్యం

పిత్తాశయంలో రాళ్ళకు పొట్ట కోసి ఆపరేషన్ చేశాక, నన్ను చూసుకోవడానికి చల్లపల్లి నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. వస్తూ వస్తూ సీసా నిండా వెల్లుల్లి కారం తెచ్చారు. మా వైపు కోత పడ్డ ఒంటికి పథ్యం పెడతారు. కారం మెతుకులు, బీరకాయ, కాచి చల్లార్చిన నీళ్ళు, అంతే. పప్పు, గుడ్డు ముట్టకూడదు, చీము పడుతుందట. లంఖణం పరమౌషధం అన్నవాడికి ఆపరేషన్ అయి ఉండదని నా గట్టి నమ్మకం.

డాక్టరమ్మ రాసిన మందుల్లో ప్రొటీన్ పొడి డబ్బా ఒకటుంది. అది దేంతో చేస్తారని అత్తయ్యగారు అడిగారు. మా ఆయన డబ్బా మీద చదివి, సోయా, బఠాణీలు అని చెప్పారు. పప్పుగింజలే కదా అని ఆవిడ దాన్ని అటక ఎక్కించారు. విటమిన్ మాత్రలకు మాత్రం అభ్యంతరం లేదు, మాత్రలు తిండి కిందికి రావు కనుక. నాకు ఒళ్ళు మండింది. కానీ నాకు తల దువ్వి, స్నానం చేయించి, నా బట్టలు ఉతికే మనిషితో పోట్లాడడం ఎలా? పైగా ఆవిడ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆ మెతుకులే తిన్నాను. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి.

గవర్నర్‌పేటలోని ఆసుపత్రిలో చూపించుకున్నప్పుడు, కుట్టు కింది కొస ఇంకా మూసుకోలేదని డాక్టరమ్మ చెప్పింది. ఏం తింటున్నానని అడిగితే, అత్తయ్యగారే గర్వంగా అంతా వివరించారు. డాక్టరమ్మ కోప్పడలేదు. చర్మం అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలంది. పొడితో పాటు పప్పు, గుడ్డు కూడా పెట్టమంది. వచ్చే వారానికీ మానకపోతే మళ్ళీ కుట్టాల్సి వస్తుందంది. మళ్ళీ ఆ బల్ల ఎక్కడం నా వల్ల కాదనుకున్నాను.

ఇంటికి రాగానే అత్తయ్యగారు స్టూలు వేసుకుని డబ్బా దించారు. పాలలో పొడి కలిపి ఇచ్చి, నేను తాగుతుంటే నా పొట్ట వైపే చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం ముద్దపప్పు వండి, గుడ్డు ఉడకబెట్టారు. కట్టు మార్చేటప్పుడల్లా ఆవిడ చీము కోసం వెతికేవారు. అది రాలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు, కోత మూసుకుంటోందని, ఇక కుట్టక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు చూస్తే, అత్తయ్యగారి మొహంలో సంతోషమే లేదు.

“మీ ఆయన పుట్టినప్పుడు నాకూ కడుపు కోశారమ్మాయ్. మా అత్తగారు కారం మెతుకులే పెట్టేది. ఆ కుట్టు ఎన్నాళ్ళకీ మానలేదు,” అన్నారు.

మీ అత్తగారి తప్పేం లేదండీ, అప్పట్లో అందరూ అంతే కదా అని ఏదో సర్దబోయాను. అత్తయ్యగారు వినిపించుకోలేదు.

“నీది మానని ఒళ్ళు అనేవాళ్ళు. నేనూ నమ్మేశాను. ఇంకో కాన్పుకి తట్టుకోలేనని అక్కడితో ఆపేశారు. నాకు ఆడపిల్ల కావాలని ఎంత ఉండేదో.”