కాసింభాయ్ పరిచిన బండలు

పన్నెండేళ్ళు దాటాయి. ఒక్క మాట గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడు, ఆయన ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న ఇంట్లోనే రెండు సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. వాటి కింద గచ్చు ఎప్పుడూ నూనెతో, దారపు పీచుతో నల్లగా ఉండేది. పండుగ ముందు సాంచెలు ఆపి అమ్మా నేనూ మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేవాళ్ళం. సోడాకూ లొంగని మరక ఉంటే అమ్మ కాస్త యాసిడ్ చిలకరించేది. బుసబుసా పొంగేది. ఆ పొంగు చూడటం నాకెంత సరదానో! ఎంత మొండి మరకైనా పట్టుబడితే పోతుందని ఆ గచ్చు మీదే నేర్చుకున్నాను. పాలలాంటి నేల ఉన్న ఇల్లు కావాలని ఆశపడిందీ అక్కడే.

పెళ్ళయి జగిత్యాల వచ్చాను. మా ఆయన టీచరు. మేం ఇల్లు కట్టుకునే నాటికి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. రోజుకో ర్యాలీ, వారానికో బంద్. సిమెంటు దొరికిన రోజు కూలీలు దొరికేవారు కాదు. అయినా ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది. ఎవరింటికి పోయినా ఒకటే ముచ్చట. ముఖం తెలియని వాళ్ళు కూడా చుట్టాల్లా పలకరించేవారు.

నేల పని ఎవరికివ్వాలని అడిగితే నలుగురూ చెప్పిన పేరు ఒకటే, కోరుట్ల కాసిం మేస్త్రి. బస్సెక్కి కోరుట్ల వెళ్ళాం. ఆయన కొత్తగా చేసిన పని చూపించలేదు. ఎప్పుడో ఆరేళ్ళ కింద బండలు వేసిన ఇంటికి తీసుకుపోయాడు. కొత్తలో అందరి పనీ బాగానే ఉంటుందన్నాడు. చెప్పులు విడిచి ఆ ఇల్లంతా నడిచాను. ఎక్కడా కాలికి అంచు తగల్లేదు.

మా హాల్లో తెల్ల మార్బుల్ వేశాడు. ప్రతి బండనూ సుత్తి కర్రతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. డొల్లగా మోగితే లేపి, కింద మళ్ళీ సిమెంటు మాలు నింపేవాడు. రాయిలోని బూడిదరంగు గీతలు ఒక బండ నుంచి ఇంకో బండకు సాగిపోయేట్టు గంటల తరబడి పేర్చుకునేవాడు. మా ఆయన విసుక్కునేవాడు, నేను మాత్రం పక్కనే కూర్చుని చూసేదాన్ని. పాలిష్ అయిన రోజు నా ముఖం నేలలో కనిపించింది. ఏడుపొచ్చింది నాకు. సంతోషంతోనే.

వెళ్ళేటప్పుడు ఆయన ఒక్క జాగ్రత్త చెప్పాడు. ఈ రాయి పాల లెక్క, పులుపు తగిలితే విరుగుతుంది, నిమ్మరసం కూడా పడనివ్వద్దు, యాసిడ్ అయితే ఇంట్లోనే పెట్టుకోవద్దు, సాదా నీళ్ళు, మెత్తటి బట్ట చాలు అని. నేను తలూపాను. బాగా గుర్తుంది, తలూపాను.

మూడు నెలలకు సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి. మా ఆయన రోజూ దీక్ష టెంటులో కూర్చునేవాడు. ఒకరోజు రోడ్డు మీద వంటా వార్పూ పెట్టారు. మా వాడకట్టు ఆడవాళ్ళం పులిహోర కలిపాం. పాటలు, కేకలు, పొగ. ఆ ఉత్సాహంలోనే ఇంటికొచ్చి, పులిహోర కలిపిన పెద్ద గిన్నె, ఆ ఖాళీ గంజును తెచ్చి హాల్లో దించి, స్నానానికి పోయాను. వచ్చి గంజు జరిపితే కింద పసుపు రంగు వలయం.

సబ్బుతో రుద్దాను. పోలేదు. బాత్రూంలో యాసిడ్ సీసా ఉంది. మేస్త్రి మాట గుర్తు రాలేదా? వచ్చింది. కానీ చేతికి మాత్రం మా అమ్మ అలవాటే వచ్చింది. పోశాను. బుసబుసా పొంగింది. పసుపు పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. తడిమితే గరుకుగా తగిలింది. ఒక్కచోటే ఉంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చుట్టూ తుడిస్తే కలిసిపోతుందనుకున్నాను. సీసా అయిపోయేసరికి సగం హాలు సున్నం కొట్టినట్టయింది.

సాయంత్రం మా ఆయన చూసి, అప్పుడే పాలిష్ లేచిపోయిందా అన్నాడు. "ఏమో" అన్నాను. ఆ ఒక్క ముక్కే. ఎందుకన్నాను? ఆయనకు భయపడ్డానా? ఆయన నా మీద ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. మార్బులే కావాలని పోరింది నేను, నా ఇంటి శుభ్రాన్ని వాడకట్టంతా మెచ్చుకుంటుంటే లోలోపల మురిసింది నేను. ఆ మెప్పు పోతుందని ఒక మనిషి పేరును బురదలో వేశాను. అంతకన్నా మంచి కారణం ఏళ్ళ తరబడి వెతికాను. దొరకలేదు.

మర్నాడు దీక్ష టెంటులో మా ఆయన ఈ సంగతి చెప్పాడు. అక్కడ కూర్చున్న వాళ్ళలో ఇళ్ళు కట్టుకుంటున్న వాళ్ళు చాలామందే ఉన్నారు. అందరికీ బోలెడంత తీరిక.

కబురందుకుని కాసింభాయ్ పాత స్కూటర్ మీద వచ్చాడు. బస్సులు లేవు కదా. నేల మీద కూర్చుని, బొటనవేలితో రుద్ది, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా ఆయన ఫోన్ మాట్లాడటానికి బయటికి పోయాడు.

"చెల్లె, గీ బండల మీద ఏమన్న పోసినవా?"

"నీళ్లే పోసిన భాయ్."

"ఒట్టి నీళ్లేనా?"

"నీళ్లే."

పొట్టు లేచిన నా వేళ్ళను కొంగులో దాచుకున్నాను. ఆయన అటు చూశాడు. చూసి, తల దించుకున్నాడు. సిగ్గుపడాల్సింది నేనైతే ఆయన దించుకున్నాడు.

"సరె చెల్లె. నీళ్లయితె నీళ్లే. మల్ల మెరుపు తెస్త తీయి."

సమ్మెతో కరెంటు ఉండేది కాదు. మెషీన్ పక్కన పెట్టి, పాలిష్ రాయితో ఐదు రోజులు మోకాళ్ళ మీద రుద్దాడు. రోజూ చాయ్ ఇచ్చాను. కప్పు అందించేటప్పుడల్లా చెప్పేద్దామనుకున్నాను. మా ఆయన బయటికి పోతే చెప్తానని, పోయాక రేపు చెప్తానని. ఆరో రోజు ఆయన రాలేదు. మెరుపు మళ్ళీ వచ్చింది, పని అయిపోయింది.

ఆయనకు పని ఒప్పజెప్పిన ఇద్దరు టీచర్లు వేరే మేస్త్రిని పెట్టుకున్నారు. తర్వాత జగిత్యాలలో ఆయన్ను పిలిచిన వాళ్ళు లేరు. చందుర్తి దిక్కు పల్లెల్లో పశువుల కొట్టాలకు గచ్చు చేస్తున్నాడని విన్నాను. తెలంగాణ వచ్చిన రోజు మా హాల్లోనే వాడకట్టంతా మిఠాయిలు పంచుకున్నాం. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

కాసింభాయ్ పోయిన ఏడాది చనిపోయాడు. క్షమించాల్సిన మనిషి లేడు. ఉన్నప్పుడు అడిగానా? అదీ లేదు.

గొల్లపల్లిలో మా మరిది రమేశ్ ఇల్లు కడుతున్నాడు. నేల పనికి కాసింభాయ్ కొడుకు వచ్చి అడిగాడట. ఈ ఉదయం రమేశ్ ఫోన్ చేస్తే మా ఆయన, "వద్దు తమ్మీ, వాళ్ల నాయిన పని మా ఇంట్ల సూడలేదా" అన్నాడు. పక్క గదిలో ఉన్నాను. అంతా విన్నాను. మళ్ళీ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నన్ను ఇక్కడ కూర్చోబెట్టి ఇదంతా రాయించింది.

ఇక్కడిదాకా రాసి లేచాను. హాల్లోకి పోయి, మా ఆయన ముందే రమేశ్‌కు ఫోన్ కలిపాను. ఆ బండల మీద యాసిడ్ పోసి ఖరాబు చేసింది నేనే, మేస్త్రి పనిలో ఏ లోపమూ లేదు అన్నాను. "గిన్నేండ్ల సంది చెప్పలేదేంది వదినె" అన్నాడు రమేశ్. ఫోన్ పెట్టేశాను.

ఆ పిల్లవాడికి పని ఇస్తాడో లేదో తెలియదు. మా ఆయన పేపరు మడిచి బయటికి పోయాడు. ఇంకా రాలేదు. రేపటి నుంచి ఈ ఇంట్లో నన్నెలా చూస్తారో కూడా తెలియదు. ఎలా చూసినా, ఇక చూసేది అసలు నన్నే.