చంపుడు మాటల బట్టీ

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో కొత్తకోటలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అప్పుడు చేసిన ఒక పని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

యాన్యువల్ డేకి కొత్తగా ఏదైనా కావాలని మా కరస్పాండెంట్ పట్టుబట్టాడు. హైదరాబాదులో ఎవరి బిడ్డో కొరుకుడుపడని ఇంగ్లీషు మాటలు అప్పజెప్పే వీడియో చూశాడట. నేను డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. ఒకే తోక ఉన్న మాటలైతే పాటలా పట్టుబడతాయని 'సైడ్' తోకవి ఏరాను. ఆ తోకకు చంపడమని అర్థం. పాట్రిసైడ్ అంటే తండ్రిని చంపడం, మాట్రిసైడ్ తల్లిని, సెనిసైడ్ ముసలివాళ్లను. నక్కను చంపడానికి కూడా వల్పిసైడ్ అని ఒక మాట పుట్టించుకున్నారు ఆ దొరలు. ఇంగ్లీషువాళ్లే మరిచిపోయిన ఆ పీనుగులను తవ్వి తీసి తొమ్మిదేళ్ల పిల్ల నోట్లో పెట్టాను. పిల్లకు అర్థాలు కూడా చెప్పనా అని అడిగితే కరస్పాండెంట్ విసుక్కున్నాడు.

"అర్థంతోని ఏం పని సారూ? గడగడ చదివితె సాలు, తల్లిదండ్రులు ఖుష్ అయితరు."

ఆ పిల్ల పక్క ఊరి గొర్రెల కాపరుల బిడ్డ. ఒక్కసారి వింటే మరిచిపోదు. కిందటేడు వాళ్ల నాయిన ప్రాణం తీసుకున్నాడు. బడిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. జాబితాలో సూసైడ్ ఉంది. మా ఊళ్లలో ఆ మాటకు డిక్షనరీ అక్కర్లేదు.

"సార్, గిదొక్కటి ఇడిసిపెడ్త," అంది పిల్ల, కాగితం వైపే చూస్తూ.

ఆహ్వాన పత్రికలో ఇరవై ఐదు మాటలని అచ్చయిపోయింది. మాటే కదమ్మా, చదివెయ్, అన్నాను. సిగ్గులేని నోరు.

ఆ రోజు ఫంక్షన్ హాల్లో ముందు వరసలో వాళ్ల అవ్వ కూర్చుంది. పిల్ల ఒక్కో చావునూ తడబడకుండా చెప్పుకుంటూ వచ్చింది. ఒక్కోదానికీ చప్పట్లు. తండ్రిని చంపడానికీ చప్పట్లే. సరిగ్గా సూసైడ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. తెర వెనక నుంచి నేనే అందించాను. వినపడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ అందించాను. పిల్ల తల దించుకుని అనేసింది. హాలంతా ఈలలు. కరస్పాండెంట్ నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాడు.

గేటు దగ్గర అవ్వ నా కోసమే నిలబడి ఉంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది. మీ మనవరాలు బాగా చదివిందవ్వా అన్నాను.

"నాకేం సమజ్ గాలే సారూ," అంది అవ్వ. "గండ్ల ఒక్క మాట మాత్రం ఎర్కే. నా కొడుకు సచ్చిన నాడు పోలీసోళ్లు కాయిదంల గదే రాసిండ్రు. దాన్ని గూడ మీరు బట్టీ పట్టిచ్చిండ్రా?"

శాలువా ఇంకా నా భుజాల మీదే ఉంది.