పరుగెత్తని హంతకుడు

ముసుగు హంతకుడి సినిమా మనల్ని ఎందుకు భయపెడుతుందో తేల్చడానికి ఒక సదస్సు పెడితే వెళ్లాను. మృత్యువు, అపరాధభావం, నాగరికత అడుగున దాగిన మృగం... బరువైన మాటలన్నీ బల్ల మీద పేర్చారు. అసలు కారణం ఒక మోకాలని ఎవరూ అనలేదు.

ఆ మోకాలు మా వీధి చివరింటి వడ్రంగి మేస్త్రీది. సినిమా సెట్లకు తలుపులు చేయడం ఆయన పని. చూడ్డానికి కోటతలుపులా ఉండాలి, గొడ్డలి తగలగానే అప్పడంలా విరగాలి. పాతికేళ్లు నేలమీద మోకాళ్లూని రంపం లాగేసరికి కుడి మోకాలు అరిగిపోయింది. ఒకరోజు హంతకుడి వేషగాడు జ్వరమని ఎగ్గొట్టాడు. తలుపు ఎక్కడ పగులుతుందో తెలిసిన మనిషేగా అని దర్శకుడు మేస్త్రీకే ముసుగు తొడిగి గొడ్డలి చేతికిచ్చాడు.

"పరుగెత్తు మేస్త్రీ! పిల్ల పారిపోతోంది!"

"ఈ కాలితో పరుగేంటి సార్? నడిచే వస్తా. ఎక్కడికి పోతుందిలెండి, అటువైపు గోడేగా. నేనే కట్టా."

అంతే, సినిమా ఆడేసింది. బకెట్ల కొద్దీ పోసిన ఎర్రరంగుకు ఆవలించిన జనం ఆ నడకకు బిగుసుకుపోయారు. పరుగెత్తేవాడికి ఆయాసం వస్తుంది, కాబట్టి మనకు ఆశ ఉంటుంది. తీరిగ్గా నడిచొచ్చేవాడు మాత్రం కథ చివరిపేజీ చదివేసి వచ్చినట్టుంటాడు. రక్తం కనిపిస్తే కళ్లు మూసుకోవచ్చు; వాడు ఎంత దగ్గరికొచ్చాడో తెలియనప్పుడు కళ్లు మూసుకునే ధైర్యం ఎవడికుంటుంది?

పాతికేళ్లు విరగ్గొట్టడానికే తలుపులు చేసిన మనిషి. ఒక్కరూ ఆ తలుపులకేసి చూడలేదు. ఇప్పుడు వీధిలో పిల్లలు ఆయనలా కాలీడుస్తూ ఒకళ్లనొకళ్లు తరుముకుంటున్నారు. మేస్త్రీ పైకి విసుక్కుంటూనే కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

ఆ సంబరంలో మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు. రెండో భాగం మొదలైంది. మొదటిరోజు హంతకుడు పెళ్లికి ఆలస్యమైనవాడిలా చకచకా నడిచొచ్చాడు. దర్శకుడు తల పట్టుకున్నాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? ఆ పాత నడకేది?"

"డాక్టరు తీసేశాడు సార్."

"రేపు పొద్దున ఆ నడకతో రండి. లేదంటే ముసుగు ఇంకొకడికిస్తా, మీరు తలుపులు చేసుకోండి."

మేస్త్రీ ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా హాల్లో అటూ ఇటూ కాలీడ్చాడు. కాలేజీలో చదివే కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

"నాన్నా, చెప్పులో రాయి దూరినట్టుంది!"

"నువ్వు లోపలికి పో."

అప్పుడే వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏమండీ, కుళాయి కారుతోంది. నెల్లాళ్లుగా చెప్తున్నా. ఊళ్లోవాళ్ల తలుపులన్నీ మీకే కావాలి, ఇంట్లో కుళాయి మాత్రం ఎవరో వచ్చి చేయాలి. వస్తారా, రారా?"

మేస్త్రీ రెంచీ తీసుకున్నాడు. కదిలాడు. భుజాలు జారాయి, తల ఒక పక్కకు వాలింది. ఒక అడుగు. ఆగాడు. ఇంకో అడుగు. వెళ్లాలని లేదు, వెళ్లక తప్పదు.

కూతురు నవ్వు ఆగిపోయింది. "అమ్మా! అదే! అదే నడక!"

మర్నాడు సెట్టులో అదే నడక నడిచాడు. కథానాయిక నిజంగానే జడుసుకుని అరిచింది. దర్శకుడు చేతులు పట్టుకుని, "మనసులో ఏం అనుకున్నారు మేస్త్రీ?" అని అడిగాడు.

"కుళాయి సార్."

దర్శకుడు అదేదో లోతైన మాటనుకుని తలాడించాడు. తర్వాతి సదస్సులో దానిమీద ఒక పత్రం కూడా వస్తుంది, చూస్తూ ఉండండి.

సినిమా విడుదలైన రోజు మేస్త్రీ కుటుంబం వెనక వరసలోనే నేనూ కూర్చున్నాను. తెరమీద ముసుగు మనిషి నడిచొస్తున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. భార్య మాత్రం కూతురి చెవిలో అంది:

"ఆ పిల్లకేం తక్కువే, అలా ఏడుస్తోంది? పిలవకుండానే వస్తున్నాడుగా."