రెండో ఎడమ పలక

ప్లైవుడ్‌లోకి కట్టర్ దిగినప్పుడు మాడిన బెల్లంలాంటి వాసన వస్తుంది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, పొద్దున మొదటి పలక మీద మిషన్ తిరగగానే ఆ వాసన నన్ను మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లు ఉండే కుంఠా నాకాలోని ఒక రేకుల షెడ్డుకు తీసుకుపోతుంది. ఆ షెడ్డు అంబక్కది. మా అమ్మకంటే పెద్దదైనా వాడంతా ఆమెను అక్క అనే పిలిచేవారు. నేనూ అంతే.

వాళ్లది మరమగ్గాలకు పోగును అటూ ఇటూ మోసే కర్ర నాడెలు చేసే కుటుంబం. భర్త పోయాక షెడ్డును అంబక్కే నడిపింది. తొంభైల చివరికొచ్చేసరికి నాడెలే అక్కర్లేని మగ్గాలు దిగాయి. షెడ్డును చద్దర్ల గోదాముకు అద్దెకిమ్మని మరిది పోరు పెడుతుండేవాడు. ఆమె వినకుండా అంకెలు ఎక్కిస్తే తనంతట తానే కోసే పాత సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ ఎక్కడినుంచో తెచ్చి, పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ నేర్చుకున్న నన్ను పనిలో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే పుణె నుంచి ఒకాయన వచ్చాడు. పెద్ద పెద్ద నమూనా విమానాలు కట్టి మైదానంలో ఎగరేయడం ఆయనకు పిచ్చి. రెక్కలు బిగిస్తే ఆయన విమానం మా షెడ్డు గుమ్మంలో పట్టదు. మంచి ప్లైవుడ్ తానే తెచ్చిచ్చి, పని నచ్చితే తన స్నేహితుల పనులు కూడా ఇప్పిస్తానన్నాడు. నచ్చకపోతే షెడ్డు గోదామే అవుతుందని మా ఇద్దరికీ తెలుసు.

మొదట విమానం పొట్టకు రెండు పక్క పలకలు కోయాలి. బరువు తగ్గడానికి లోపలి వైపు మాత్రమే గుంటలు తొలచాలి. అప్పటికి మాకు సాఫ్ట్‌వేర్ లేదు, అంకెలన్నీ నేనే మిషన్‌లోకి కొట్టేదాన్ని. ఎడమ పలక అద్దంలా వచ్చింది. కుడి పలకకు అంకెలు మార్చాలని నేను కూర్చోబోతే అంబక్క వద్దంది.

“మల్ల కొట్టుడెందుకు బిడ్డా? గదే నడిపియ్యి. నాడెలు ఒక్కటి చేసినా వెయ్యి చేసినా ఒక్క తీరే ఉండాలె.”

ఆమె చెప్పినట్టే అదే మళ్లీ నడిపాం. రెండు పలకలూ అచ్చుగుద్దినట్టు వచ్చాయి, రెండూ ఎడమవే. రెండోదాన్ని కుడివైపు పెడితే గుంటలు బయటికి తేలాయి. జీవితమంతా ఒకే వస్తువును ఒకేలా చేసిన చేయి అది. విమానానికి రెండు పక్కలు ఉంటాయని ఆ చేతికి తట్టలేదు.

పుణె ఆయన వచ్చిన రోజు నేను మిషన్ వెనక్కి జరిగాను. అంబక్క మాత్రం పలకను ఆయన ముందు పెట్టి, “చూక్ మాఝీ, సాహెబ్” అని మరాఠీలో తప్పు తనదేనంది. “పోరి అంకెలు మారుస్తనన్నది, నేనే ఇన్లే” అని నా వైపు తిరిగి తెలుగులో గొణిగింది. ఆయన పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. మిగిలిన ఒక్క షీటును చూపించి, ఇది కూడా చెడితే ఇక రానని చెప్పి వెళ్లాడు. అంబక్క ఆ పలకకు చిల్లు పెట్టి గుమ్మం పక్క గోడకు మేకు కొట్టి తగిలించింది. వచ్చినవాళ్లంతా ఇదేంటని అడిగేవారు. “నా తప్పు” అని చెప్పి పనిలో పడేది. అంత మామూలుగా ఆ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడిక సాఫ్ట్‌వేర్ తప్పదనుకున్నాం. రెక్కలో వరసగా నిలబెట్టే పలకలు ఒక్కోటీ ఒక్కో కొలత, చేత్తో కొడితే మళ్లీ తప్పే. ఇద్దరు అమ్మకందార్లు కంప్యూటర్లు మోసుకొచ్చారు. మొదటి అతను టై కట్టుకున్నాడు. అతని తెర మీద విమానం రంగురంగులుగా గిరగిరా తిరిగింది, వంపులు వెన్నలా సాగాయి. రెండో అతని తెర బూడిద రంగుది, గీతలు తప్ప ఏమీ లేవు. అంబక్క ఇద్దరికీ గోడ మీది పలక కొలతలనే ఇచ్చింది.

“దీన్ని కుడిది చెయ్యి.”

ఇద్దరూ తెర మీద చిటికెలో తిప్పేశారు.

“ఇప్పుడు కోయకముందే కట్టర్ ఏడికెల్లి ఏడికి పోతదో చూపియ్యి.”

మొదటి అతను నవ్వి, ఇది బొమ్మ గీయడానికేనని, కోత సంగతికి వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలని అన్నాడు. రెండో అతని తెర మీద ఒక చుక్క కదిలింది. అంచు వెంట నడిచి, గుంటల్లోకి దిగి, పైకి లేచి ఆగింది.

వాళ్లు వెళ్లాక అంబక్క నన్ను అడిగింది. “నీకేది నచ్చింది?”

“మొదటిదే అక్కా.”

“నాకు గూడ గదే నచ్చింది. గని రెండోది తీసుకుందాం. మగ్గం మీద తప్పు పడితె పోగు ఎనుకకు తీస్తం. చెక్క కోసినంక ఏం తీస్తవ్?”

చివరి షీటు బిగించిన రోజు ఆమె కంప్యూటర్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. చుక్క నడక అంతా చూసింది. మళ్లీ మొదటినుంచి చూపించమంది. అప్పుడు గానీ మిషన్ బటన్ నొక్కనివ్వలేదు. పుణె ఆయన వచ్చి ఎడమ, కుడి పలకలను ఎదురెదురుగా నిలబెట్టాడు. గుంటలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఆయన బొటనవేలితో అంచు తడిమి, తర్వాతి విమానం కాగితాలు సంచిలోంచి తీశాడు. అంబక్క ఉన్నన్నాళ్లూ షెడ్డు గోదాము కాలేదు.

ఆమె పోయాక షెడ్డు ఖాళీ చేస్తూ మరిది ఆ పలకను చెత్తలో వేయబోతే నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది నేను పెట్టుకున్న షెడ్డు గుమ్మం పక్కనే ఉంది. బటన్ నొక్కే ముందు తెర మీద చుక్కను నేనూ రెండుసార్లు నడిపిస్తాను. కొత్తగా చేరిన వాళ్లు పలకను చూసి ఇది ఎవరి తప్పు అని అడుగుతారు. ఆమె పేరు చెప్పబుద్ధి కాదు. నాదే అంటాను, పనిలో పడతాను.