టీచరమ్మ వదిలేసిన వంకాయ

మా ఎదురింటి టీచరమ్మ పోయింది. ఆ రోజు పొద్దెక్కినా పాల ప్యాకెట్ ఆమె తలుపు గొళ్లానికి వేలాడుతూనే ఉంటే నాకు అనుమానం వచ్చింది. తెల్లారకముందే లేచే మనిషి. తలుపు కొట్టాను, ఫోన్ చేశాను. లోపల ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. చాదర్‌ఘాట్‌లో ఉండే ఆమె తమ్ముడు వచ్చి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసేసరికి, మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉంది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, రాయడానికి చాలా ఉంది. కానీ ముందు ఈ ఒక్క మాట కక్కెయ్యకపోతే నాకు కలం కదిలేలా లేదు. ఆమె నన్ను మోసం చేసింది. నా కూతురి విషయంలో, నా కళ్లలోకి చూస్తూ, నా చేత కాళ్లు మొక్కించుకుని మరీ మోసం చేసింది. ఆ సంగతి ఆమె పోయిన మర్నాడు తెలిసింది నాకు. పోట్లాడదామంటే ఇప్పుడు మనిషి లేదు.

నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు దగ్గర్లోనే మా పాత బిల్డింగు. రెండో అంతస్తులో మా తలుపు, ఆమె తలుపు ఎదురెదురు. అబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "టైమ్ దొరకలే" అనేది. బడి మానినా కొంగుకు పిన్నీసు, చేతికి గడియారం మానలేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, ఎవరో పిల్లలు పెన్సిల్‌తో సగం చేసి వదిలేసిన లెక్కల పుస్తకాలే ఏరుకొచ్చేది. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ ముక్కూమొహం తెలియని పిల్లల లెక్కలు ఎర్ర పెన్నుతో దిద్దేది. "ఎవరి కోసం అక్కా ఇదంతా?" అంటే, "తప్పును గట్లనే వదిలేస్తే నిద్రెట్ల పడ్తది?" అనేది. జవాబు సరిగ్గా ఉన్నా మధ్యలో స్టెప్పులు లేకపోతే సున్నా వేసేది. "నడుమ ఏం జరిగిందో చూపియ్యకుంట ఆన్సర్ రాస్తే నేనెట్ల నమ్మాలె?" అన్నది ఆమె ఊతపదం.

నోట్లోంచి అబద్ధం రాదని బిల్డింగంతా పేరు. నేను కూర గిన్నె తీసుకెళ్తే పొగడ్త ఉండదు. "ఏంది చెల్లె, ఉప్పు గింతనా? జర చెయ్యి తగ్గించు" అనేది, గిన్నె మాత్రం ఖాళీ చేసేది. ఒకసారి కింది ఇంటివాళ్ల అబ్బాయి గురించి అమ్మాయి తరఫువాళ్లు వాకబుకు వచ్చారు. ఈమె, "పిల్లగాడు మంచోడే, కోపం మాత్రం ముక్కు మీదుంటది" అని చెప్పి పంపింది. సంబంధం తప్పిపోయింది. కింది ఇంటివాళ్లు చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. అంత సూటి మనిషి కాబట్టే నేను నమ్మాను. ఇంకెవరు ఏం చెప్పినా సగమే నమ్మేదాన్ని, ఆమె చెప్పినదాన్ని తిరగేసి అడిగేదాన్ని కాదు.

నా భర్త స్కూటరు మీది నుంచి పడి చనిపోయినప్పుడు మా అమ్మాయి ఐదో క్లాసు. గన్‌ఫౌండ్రీలో నా గుమాస్తా ఉద్యోగం అయి నేను ఇల్లు చేరేదాకా పిల్ల టీచరమ్మ దగ్గరే ఉండేది. ఇంట్లో రెండు చక్రాల బండి మాటే ఎత్తకూడదన్నాను. ఈవిడేమో ట్యూషన్ పేరు చెప్పి పిల్లను ఖాళీగా ఉన్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు తీసుకెళ్లి, కిరాయి సైకిలు ఎక్కించి, వెనక సీటు పట్టుకుని పరుగెత్తింది. మోకాలు చీరుకుని వచ్చిన పిల్లను చూసి నేను గయ్యిమంటే తల వంచుకోలేదు. "ఔ, నేనే నేర్పిన. నీకు చెప్తే వద్దంటవ్, గందుకే చెప్పలే. కొట్లాడేది ఉంటే నాతోని కొట్లాడు, పోరిని ఏమనకు" అంది. కొన్నాళ్లు మాటలు మానేశాను. అడిగితే నిజం చెప్పింది కదా అని మళ్లీ సరిపెట్టుకున్నాను. అడగాలని నాకు తట్టకపోతే ఏమవుతుందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ పిల్ల ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసుకు సైకిలు మీదే వెళ్తుంది. పోయిన వానాకాలంలో ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, సైకిల్ మీదికెళ్లి పడ్డ. మడమ బెణికింది, అంతే. నువ్వు రాకు, ఫికర్ చెయ్యకు" అంది. నేను అప్పటికే బ్యాగు సర్దుతున్నాను. టీచరమ్మ వచ్చి నా మంచం మీద కూర్చుంది. "బెణుకుకు పుణె దాక ఉరుకుతవా? పిల్ల పెద్దగైంది. దూరం నుంచి చూసుకునుడు నేర్చుకో. రోజు ఫోన్ చెయ్, చాలు" అంది. ఆమె చెప్పింది కాబట్టి సర్దిన బట్టలు మళ్లీ బీరువాలో పెట్టాను.

మర్నాడే ఆమె కాశీకి బయల్దేరింది. పాత టీచర్లంతా కలిసి వెళ్తున్నారట, ఎన్నాళ్లదో కోరికట. "ఫోన్ ఇంట్లనే పెట్టి పోతున్న. దేవుని కాడ ఫోనేంది?" అంటే ఎంత భక్తో అనుకున్నాను. సంచి నేనే మోసుకెళ్లి ఆటోలో పెట్టాను. సికింద్రాబాదులో రైలెక్కాల్సిన మనిషి ఆటో నాంపల్లి స్టేషన్ వైపు తిరిగింది. ట్రాఫిక్‌కు భయపడి చుట్టూ తిప్పుతున్నాడేమో అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

రోజూ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసేదాన్ని. మడమ కింద దిండు పెట్టుకో, ఉప్పు కాపడం పెట్టు, పసుపు ఉడికించి పట్టు వెయ్యి. దూరాన్నుంచి తల్లి చేయగలిగిందంతా చేశాను. పుణె వెళ్లే రైల్లో తెలిసినవాళ్ల చేతికి కారప్పొడి, నువ్వుల లడ్డూలు ఇచ్చి పంపాను. తగ్గడానికి అన్ని రోజులు పడుతుంటే విసుక్కున్నాను కూడా, "బెణుకుకు ఇంత బద్ధకమా?" అని. మాటల మధ్యలో టీచరమ్మ మీద పడేదాన్ని. "కాశీకి పోయి మమ్మల్నందరినీ మర్చిపోయింది సూడు. ఎవరి ఫోన్ నుంచన్న ఒక్క మాట చెప్పొద్దా? ఎంత గీర ఆమెకు!" అవతల అమ్మాయి ఏదో అడ్డుపడి మాట మార్చేది. ఒకసారి పక్కన ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించి అడిగితే, టీవీ అంది.

నెల దాటాక టీచరమ్మ తిరిగొచ్చింది. కాశీకి పోయొచ్చినవాళ్ల కాళ్లు మొక్కితే మనం పోయొచ్చినంత పుణ్యమని మా వైపు నమ్ముతాం. గుమ్మంలోనే కాళ్లు కడిగి మొక్కాను. వెనక్కి జరగబోయి ఆగిపోయింది. కాశీ దారం అని నా మణికట్టుకు నల్ల దారం కట్టింది. ఇంకొక ఆచారం ఉంది కదా, కాశీలో మనకు బాగా ఇష్టమైనది ఒకటి వదిలేసి రావాలి, మళ్లీ జన్మలో ముట్టకూడదు. "ఏం వదిలినవ్ అక్కా?" అని అడిగాను. ఒక్క క్షణం నా మొహం చూసి, "వంకాయ" అంది. నా గుత్తి వంకాయ కూరంటే ఆమెకు ప్రాణం. చలికాలం లేత వంకాయలు వచ్చాక నేను వండినప్పుడల్లా ఆ వాసనకు గుమ్మం దాకా వచ్చి నిలబడేది. తినమంటే, "వద్దు చెల్లె, ఇడిచిపెట్టిన గదా" అని వెళ్లిపోయేది. చివరిదాకా ముట్టలేదు.

ఆమె పోయిన మర్నాడు పొద్దున పుణె రైలు దిగుతుందని అమ్మాయి కోసం నాంపల్లి స్టేషన్‌కు వెళ్లాను. చాలా నెలలుగా చూడలేదు. దసరాకు సెలవు దొరకలేదంది. ప్లాట్‌ఫారం మీద జనమంతా నన్ను దాటిపోయారు. అందరి వెనకా నా కూతురు చేతికర్ర పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తోంది. కాసేపు గుర్తుపట్టలేదు నేను. కన్న పిల్లను గుర్తుపట్టలేదు!

అంత్యక్రియలు అయ్యాక, సాయంత్రం మా ఇంట్లో అంతా చెప్పింది. బెణకడం కాదు, తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. దవాఖానలో ఇంటివాళ్లను పిలవమంటే టీచరమ్మకు చేసింది. ఆమె ఎక్కింది పుణె రైలు. కాశీ, గయ, ప్రయాగ అన్నీ పుణెలో అమ్మాయి ఉండే రెండు గదుల ఇల్లే. ఆమె చెప్తుంటే మా కిటికీ బయట, ఏటా జనవరిలో పెట్టే ఎగ్జిబిషన్ మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు, మీ అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది రమ్మని.

"నేను సచ్చిన్నా? నాకెందుకు చేయలే?" అన్నాను.

"డాడీ పోయినప్పుడు నువ్వెట్లైనవో నేను చూసిన అమ్మా. నువ్వొస్తే నేనే నిన్ను చూసుకోవాలె. టీచరొస్తే ఆమె నన్ను చూసుకుంటది. చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్న."

ఆ మాట ఇప్పటికీ ఇక్కడ, గుండెల్లో, ముల్లులా ఉంది. ఏడుస్తూనే ఇంకొకటి చెప్పింది. కాలు లేపే ఎక్సర్‌సైజులు భరించలేనంత నొప్పిగా ఉండేవట. అందుకని టీచరమ్మ నా ఫోన్ వచ్చే వేళకే చేయించేదట, స్పీకర్ పెట్టి. "మీ అమ్మ మాట్లాడుతుంటే ఇను, కాలు దానంతటదే లేస్తది" అనేదట. నేను కూరగాయల ధరలు, బిల్డింగు గొడవలు చెప్తుంటే నా బిడ్డ పళ్లు బిగబట్టి కాలు లేపింది. నేను టీచరమ్మను తిడుతుంటే ఆమె పక్కనే ఉండి, పాదం పట్టుకుని వింది. నవ్వేదట కూడా.

నా గొంతు పనికొచ్చింది, నేను పనికిరాలేదు. తప్పు నాదేనని, నా భయమే వాళ్ల చేత అబద్ధమాడించిందని ఇక్కడ రాస్తానేమో అని మీరు చూస్తుండొచ్చు. రాయను. చెప్పి చూడాల్సింది. నేను కూలిపోతానో నిలబడతానో నాకైనా తెలిసేది. స్టెప్పులు చూపించకపోతే సున్నా వేసే మనిషి నాకు ఆన్సరొక్కటే చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

అయినా ఇదీ రాయాలి. అరిగిన మోకాళ్లతో ఆమె నా బిడ్డను చంకల కింద పట్టుకుని లేపింది. కడిగింది, తుడిచింది, నేల మీద పడుకుంది. నేను చేయాల్సినవన్నీ చేసి, నాతో ఒక్క థాంక్స్ కూడా చెప్పించుకోకుండా పోయింది. దానికీ కోపమే నాకు.

దినం నాడు టెర్రస్ మీద పిట్టగోడ దగ్గర విస్తరి వేసి పిట్టకు పెట్టారు. అన్నం, పప్పు, పూరీలు, గ్లాసులో చాయ్, అన్నీ ఆమెకు ఇష్టమైనవే. ఎంతసేపైనా కాకి రాలేదు. "ముడ్తలేదు. ఏదో కోరిక మిగిలినట్టుంది అక్కకు" అని ఆమె తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. నేను కిందికి దిగి మా వంటింట్లో ఉన్న గిన్నెను వేడి చేసి తెచ్చాను. పొద్దున్నే లేచి కోపంతో వండాను, ఎందుకు వండుతున్నానో తెలియకుండానే.

మూత తీయగానే తమ్ముడు అడ్డొచ్చాడు. "వద్దక్కా, గది పెట్టొద్దు. కాశీల ఇడిచిపెట్టింది గదా, దోషం తగుల్తది."

"మీ అక్క కాశీకి పోలే" అన్నాను, అక్కడున్న అందరికీ వినపడేలా. "పుణెల ఉన్నది. నా బిడ్డకు సేవ చేసుకుంట ఉన్నది."

తమ్ముడు పక్కకు జరిగాడు. అమ్మాయి కర్ర గోడకు ఆనించి నా భుజం పట్టుకుంది. నేను వంగి, గుత్తి వంకాయలు నా చేత్తోనే విస్తట్లో పెట్టాను. "తిను అక్కా. ఇంక నాతోని దాచేది ఏమున్నది? ఉప్పెక్కువనే పడ్డది. తిట్టేది ఉంటే తిట్టు" అన్నాను.

అందరం వెనక్కి జరిగాం. ఎటు నుంచి వచ్చిందో ఒక కాకి పిట్టగోడ మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పుతోంది. వంకాయల మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది.