మౌనమని రాసుకున్న జవాబు

మా మెలెనైటే విచారణలో మూగనోము పట్టిందని వీసా అప్పీళ్ళ అధికారి రాసిపడేశాడు. ఆ మాట వినగానే రాబిన్‌వేల్ ద్రాక్షతోటల్లో పనిచేసే మా టోంగా దీవులవాళ్ళందరికీ ఒళ్ళు మండింది.

కిడ్నీలు పాడైన అక్క లోసేని చూసుకోవడానికే ఆమె ఆస్ట్రేలియా వచ్చింది. ఉండిపోవడానికి వీసా అడిగితే కుదరదన్నారు. అప్పీలు విచారణ ఫోన్‌లో జరిగింది. డాక్టరు కాగితం తేవడానికి గడువు కావాలా అని అధికారి రెండుసార్లు అడిగాడు. జవాబు రాలేదని అప్పీలు కొట్టేశాడు.

"నాతో తగువుకి లేచే నోరు అక్కడికెళ్ళేసరికి పడిపోయిందేమే?" లోసే ఏడుస్తూనే దెప్పింది.

"చెప్పానక్కా! గడువు కావాలనే చెప్పాను!"

లాయరును పెట్టుకునే స్తోమత లేదు. పెద్దల ముందుకు వెళ్ళేటప్పుడు మావాళ్ళు కట్టే చాప నడుముకు చుట్టుకుని, మెల్‌బోర్న్ కోర్టులో మెలెనైటే తన కేసు తానే వాదించుకోవడానికి నిలబడింది. పక్కన దుబాసీ ఒక్కడే.

"ఆమెకు అవకాశం ఇచ్చారండి. ఆమే పలకలేదు," అన్నాడు ప్రభుత్వ లాయరు.

జడ్జిగారు ఆమె వైపు తిరిగారు. "గడువు సంగతి అడిగినప్పుడు మీకు వినిపించిందా అమ్మా?"

మెలెనైటే కనుబొమ్మలు ఎగరేసింది. జడ్జిగారు "జవాబు చెప్పండి," అన్నారు.

"ఇప్పుడేగా చెప్పాను!" అంటూ మళ్ళీ ఎగరేసింది.

దుబాసీ నవ్వు దిగమింగుకుని, "మావాళ్ళు అవుననడం అలాగేనండి," అన్నాడు.

అప్పుడు వెలిగింది ఆమెకు. "ఆ రోజూ ఇలాగే అన్నానండీ! పెద్దాయన అడుగుతుంటే గబుక్కున నోరు తెరవకూడదనుకున్నా. ఫోన్లో ముఖం కనపడదని నాకు తట్టలేదు, సరే. వినపడిందా తల్లీ అని ఆయనైనా ఒక్కమాట అడగొచ్చుగా?"



మధ్యాహ్నం తీర్పు చెప్పారు. "లాయరు లేని మనిషి పలకకపోతే వద్దన్నట్టు కాదు. విన్నదో లేదో, అర్థమైందో లేదో కనుక్కోవలసింది విచారించేవాళ్ళే. ఆ నిర్ణయం చెల్లదు. మళ్ళీ విచారించాలి."

వీసా ఇంకా చేతికి రాలేదు, నిజమే. అయితేనేం, గెలుపు గెలుపే. కోర్టు మెట్ల మీదే కూర్చుని అక్కకు ఫోన్ చేసింది.

"నిన్ను పంపించేస్తారటే?" అడిగింది లోసే.

"ఎవడు పంపిస్తాడో చూస్తా! ఈసారి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడగమంటాను. ముందు కళ్ళు తుడుచుకో. రేపు డయాలిసిస్‌కి నేనే తీసుకెళ్తాను."