అత్తయ్య మడి

మా మేనత్తకి బోదకాలు. నేను పుట్టేనాటికే ఎడమ కాలు మోకాలి దాకా వాచి ఉందట. పాలకొల్లులో మా ఇంట్లోనే, మాతోనే ఉండేది.

అత్తయ్యకి మడి ఎక్కువ అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం. ఆవిడ పీట మీద మేం కూర్చోకూడదు, తువ్వాలు ముట్టుకోకూడదు, మంచం ఎక్కకూడదు. మా అమ్మ మడి మధ్యాహ్నం భోజనాలతో సరి. అత్తయ్యది దీపాలు పెట్టాక కూడా వదిలేది కాదు. దగ్గరికెళ్తే "అక్కడే ఉండవే" అనేది. ఈవిడ మడికి దేవుడు కూడా జడిసి దూరంగా నిలబడతాడని నాన్న ఏడిపించేవారు. ఆవిడా నవ్వేది. కథలు చెప్పేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది, అన్నీ రెండు మూరల అవతలి నుంచే. నాకు మాత్రం ఉక్రోషంగా ఉండేది. నాకంటే ఎక్కువైపోయాడని ఆ దేవుడి మీద కూడా కోపం వచ్చేది.

పెద్దయ్యాక ఆ జబ్బు మీదే పరిశోధనలో చేరాను. అత్తయ్య కోసమే చేరానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి అప్పుడు ఖాళీగా ఉన్న సీటు అదొక్కటే. ఒకే ఊళ్లో, అవే దోమలు కుట్టినా, కొందరికి ఒంట్లో ఆ జబ్బు పురుగు ఉండి కూడా కాలు వాయదు, కొందరికి వాస్తుంది. రోగాన్ని ఎదిరించాల్సిన శక్తి కొందరి ఒంట్లోనే ఎందుకు ఎదురు తిరుగుతుందన్నది మా ల్యాబ్‌లో ప్రశ్న. అది పట్టుకుని ఏళ్ల తరబడి కోనసీమ ఊళ్లన్నీ తిరిగాను.

కిందటేడు పాలకొల్లు చుట్టుపక్కల బళ్లలో చిన్నపిల్లలకి పరీక్షలు చేశాం. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చిన్న పట్టీ మీద వేస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఏ బడిలోనూ ఒక్కరికీ జబ్బు కనపడలేదు. ఆ ఆదివారం నాలుగేళ్ల మా పాపని తీసుకుని ఇంటికి వెళ్లి, అత్తయ్యకి ఆ సంగతి గొప్పగా చెప్పాను. ఆవిడ చేట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పాప ఆవిడ వైపు వెళ్లబోతే "అక్కడే ఉండమ్మా" అంది. తర్వాత మెల్లగా నన్ను అడిగింది.

"ఆ పిల్లల ఇళ్లల్లో నాలాంటి కాలు ఉన్నవాళ్లు కూడా ఉన్నారా?"

ఉన్నారన్నాను.

"వాళ్లు ఎత్తుకున్నా, పక్కలో పడుకోబెట్టుకున్నా పిల్లలకి రాలేదా?"

ముట్టుకుంటే రాదని, దోమ కుడితేనే వస్తుందని, ఇన్నేళ్ల పాత వాపు ఉన్నవాళ్లలో చాలామందికి రక్తంలో ఇక పురుగే కనపడదని చెప్పాను. పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోతుంటే, సగంలో నాకు తట్టింది. పీట, తువ్వాలు, మంచం. మడి కాదది. నా నలభై ఏళ్లూ ఆవిడ తన కాలి నుంచి నన్ను కాపాడుకుంటూ వచ్చింది.

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"ఎన్నాళ్ల నుంచి తెలుసే నీకు ఈ మాట?"

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది నుంచీ తెలుసన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల గుమ్మాల్లో కూర్చుని ఇదే మాట ఎన్నిసార్లు చెప్పానో. ఇంట్లో చెప్పాలని ఒక్కసారీ తోచలేదు, అత్తయ్యది మడి అనుకున్నాను కాబట్టి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అత్తయ్య చేట పక్కకి జరిపింది. చేతులు కొంగుతో తుడుచుకుంది.

"ఇలా రావే" అంది.

పాప పరుగెత్తబోయింది.

"నువ్వు తర్వాతమ్మా. ముందు మీ అమ్మని రానీ."